మేస్త్రీ చెవి

మా నలుగురిలో ఎవరి బండైనా ఆదివారం పొద్దున రోడ్డెక్కాలంటే ముందు మేస్త్రీ దానికి చెవి పెట్టాలి. అది ఎవరూ రాసిపెట్టిన నియమం కాదు. నిడదవోలులో రైల్వే గేటు దాటాక ఉన్న రేకుల షెడ్డు ఆయనది. బండి స్టార్టు చేసి స్టాండు వేస్తే, ఆయన మూరెడు పొడుగున్న స్క్రూడ్రైవరు కొసని ఇంజను మీద ఆనించి, పిడిని చెవికి నొక్కి పట్టుకొని, కళ్ళు మూసుకొనేవాడు. ఇంజను మీద మూడు చోట్ల, తిరుగుతున్న వెనక చక్రం ఇరుసు దగ్గర ఒకచోట. అయ్యాక స్క్రూడ్రైవరు గుడ్డతో తుడిచి “వెళ్ళొచ్చండి” అనేవాడు. ఆ మాట రాకపోతే ఆ వారం ఆ బండి షెడ్డులోనే ఉండిపోయేది, దాని యజమాని ఎవరో ఒకరి వెనక కూర్చొని వచ్చేవాడు.

నేను హైస్కూల్లో భౌతికశాస్త్రం చెబుతాను. గాలిలో కంటే ఇనుములో ధ్వని వేగంగా పోతుందని ఏటా తొమ్మిదో తరగతి పిల్లలకి చెప్పి, మార్కుల కోసం బట్టీ పట్టిస్తాను. ఆ ఒక్క ముక్కని పట్టుకొని ముప్ఫై ఏళ్ళు అన్నం తిన్న మనిషిని మాత్రం ఆయన్నొక్కణ్ణే చూశాను. ఏ బండి లోపల ఏది అరుగుతోందో, ఇంకెన్ని వందల కిలోమీటర్లు ఆగుతుందో, విప్పకుండా చెప్పేవాడు. విప్పి చూస్తే అదే ఉండేది.

మిగిలిన ఇద్దరిలో ఒకరు మా పెద్దక్క భర్త, పోస్టాఫీసులో గుమస్తా. రెండో ఆయన రావులపాలెం అరటి మార్కెట్టులో గెలల వ్యాపారి. ఈయన ఒక్కోసారి రావులపాలెం నుంచి నిడదవోలు వచ్చి, చెవి పెట్టించుకొని, మాతోపాటు మళ్ళీ రావులపాలెం మీదుగానే కోనసీమలోకి వెళ్ళేవాడు. ఇదేం పిచ్చండీ అంటే, “ఆయన మాట లేకుండా దూరం బయల్దేరితే గుండె దడండి” అనేవాడు.

మాది పెద్ద బృందమేమీ కాదు. ఒకేరకం జాకెట్లు లేవు, పేరు లేదు. ఉన్నదల్లా రెండు టెంట్లు, ఒక చిన్న గ్యాసు స్టవ్వు, నాలుగు మడత కుర్చీలు. కొన్న ఏడాది పోలవరం దగ్గర ఇసుక తిన్నె మీద ఒక్క రాత్రి ఉన్నాం. గోదావరి దోమలకి టెంటు జిప్పు ఒక లెక్క కాదని అప్పుడు తెలిసింది. అక్కణ్ణించి పొద్దున్నే బయల్దేరడం, ఏ లంకలోనో టెంటు వేసి వంట చేసుకోవడం, మధ్యాహ్నం అందులో ఒక కునుకు తీసి దీపాలు పెట్టే వేళకి ఇల్లు చేరడం అలవాటైంది. మధ్యాహ్నం నిద్రకి ఇంత సామాను మోసుకుపోయే మగాళ్ళని ఎక్కడా చూడలేదని మా ఆవిడ అంటుంది. వానాకాలంలో ఆ టెంట్లు బూజు పట్టకుండా షెడ్డు దూలానికి వేలాడదీసేదీ, ఎండ కాస్తే తీసి ఆరబెట్టేదీ మేస్త్రీయే. మేము వాడుకొనేవాళ్ళం, ఆయన చూసుకొనేవాడు. బండ్ల సంగతీ అంతే.

ఆయనది లూథరన్ కుటుంబం. ఆదివారం తొలి ఆరాధనకి వెళ్ళొచ్చాకే షెడ్డు తలుపు తీసేవాడు కాబట్టి మేము ఎనిమిదింటికి ముందు ఎప్పుడూ కదల్లేదు. చర్చి పాటల బృందంలో ఎన్నో ఏళ్ళు పాడిన గొంతు ఆయనది. మూడేళ్ళ కిందట ఒకరోజు పాడటం మానేశానన్నాడు. “గొంతు పోయిందండి. పిల్లలున్నారు కదా, వాళ్ళు పాడతారు” అన్నాడు. మాతో మాట్లాడేటప్పుడు ఆ గొంతు ఖంగుమంటూనే ఉంది. ఆ రోజే నాకు అనుమానం రావలసింది. రాలేదు.

వచ్చింది తర్వాతి కార్తీకంలో. నా బండి ఇంజనులో టకటకమని ఒక చప్పుడు మొదలైంది. స్క్రూడ్రైవరు అక్కర్లేదు, పక్కనుంచి నడిచి వెళ్ళేవాడికి కూడా వినపడుతుంది. ఆదివారం ఆయన మామూలుగానే చెవి పెట్టాడు. మూడు చోట్లా విన్నాడు. “వెళ్ళొచ్చండి” అన్నాడు. నేను చప్పుడు గురించి అడగబోయి మానేశాను. ఆయన వెళ్ళొచ్చన్నాక నా చెవిదే తప్పనుకున్నాను. సిద్ధాంతం ఊరి దగ్గర గోదావరి వంతెన ఇంకా రెండు కిలోమీటర్లుందనగా ఇంజను బిగుసుకుపోయి బండి ఆగింది.

రోడ్డు పక్కనే ఆయనే విప్పాడు. లోపల అరిగిపోయిన ముక్కని వేళ్ళ మధ్య పట్టుకొని చాలాసేపు చూశాడు. “ఇది నిన్నా మొన్నటిది కాదండి. నెల పైనుంచి మోగుతూ ఉండాలి” అన్నాడు, ఎవరితోనూ కాకుండా. మా బావగారు నా మొహం చూశాడు. నేను వెంటనే, “ఆయిలు తగ్గినట్టుందండి, నేనే చూసుకోలేదు” అన్నాను. ఆయిలు నిండుగా ఉంది. మేస్త్రీ చేతులకి మోచేతుల దాకా అదే ఆయిలు. ఆయన గుడ్డతో నెమ్మదిగా తుడుచుకుంటూ, “అయితే అంతేనండి” అన్నాడు. అబద్ధమని తెలిసే నేను చెప్పాను, అబద్ధమని తెలిసే ఆయన ఒప్పుకున్నాడు.

నెల తిరక్కుండానే ఆయన భార్య నన్ను ఆపింది. ఆమెది నరసాపురం వైపు. షెడ్డు వెనక గదిలో కూర్చొని లేసు అల్లుతూ ఉంటుంది. మేము వస్తే తల ఊపి పలకరించడమే గానీ నాలుగు మాటలు మాట్లాడింది లేదు. ఆ సాయంత్రం మేస్త్రీ సామాన్లకని బజారుకి వెళ్ళినప్పుడు గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

“మాస్టారూ, మీతో ఒక మాటండి. ఈయనకి చెవులు వినపడట్లేదండి. కుడిదైతే అసలు లేదు. ఇంట్లో టీవీ పెడితే పక్కింటోళ్ళు వచ్చి అడుగుతున్నారు. డాక్టరు దగ్గరికెళ్దామంటే నా మీద ఇంతెత్తున లేస్తున్నారు. నా చెవికేమైందే, ఊళ్ళో బండ్లన్నీ నా చెవి మీదే తిరుగుతున్నాయంటారు. మీరు చదువుకున్నోరు. మీ మాటంటే ఆయనకి గురండి. మీరైనా చెప్పండి.”

“అలాగేనమ్మా, నేను చెప్తాను. మీరు దిగులు పడకండి” అన్నాను.

నా నోటికి జంకు లేదని మా బడిలో పేరు. హెడ్మాస్టరుతో గొడవ పడ్డాను. కొడుకుని బడి మానిపించి చేపల చెరువు పనికి పెట్టిన ఆసామిని నడిబజార్లో నిలబెట్టి కడిగేశాను. తప్పు చేసిన పిల్లవాడు నోరు విప్పకుండా నిలబడితే నాకు ఒళ్ళు మండిపోతుంది. అలాంటి నేను రెండు రోజుల తర్వాత ఈ ఒక్క మాట చెప్పడానికే షెడ్డుకి వెళ్ళాను. ఆయన కింద కూర్చొని గొలుసుకి ఆయిలు పెడుతున్నాడు. నేను పిలిస్తే పలకలేదు. నా నీడ పడ్డాక తలెత్తి, మొహమంతా నవ్వు చేసుకొని, “ఏంటండీ మాస్టారూ, ఇలా వచ్చారు?” అన్నాడు. “ఏం లేదండీ, టెంట్లు ఆరాయేమోనని” అన్నాను. ఆయన లేచి వెళ్ళి టెంటు గుడ్డని రెండు వేళ్ళతో నలిపి చూసి, “ఇంకో ఎండ తగలాలండి” అన్నాడు. నేను ఇంటికొచ్చేశాను.

ఆ వారమే రావులపాలెంలో గెలల వ్యాపారి దుకాణంలో ముగ్గురం కూర్చున్నాం. చుట్టూ గెలలు ఎత్తుతున్నారు, దించుతున్నారు, లారీలు వెనక్కి వస్తున్నాయి. అయినా మేము గుసగుసలుగానే మాట్లాడుకున్నాం. వ్యాపారి బండికి కూడా నాకు జరిగినట్టే జరిగిందట. వెనక బ్రేకులో చప్పుడు, మేస్త్రీ వెళ్ళొచ్చన్నాడు, మర్నాడు ఇక్కడ మార్కెట్టులోనే బ్రేకు పట్టలేదు. ఆ సంగతి వ్యాపారి అప్పటిదాకా మాకు కూడా చెప్పలేదు.

“ఆయన మొహం మీద ఎలా అంటామండీ?” అన్నాడు వ్యాపారి. “ఆయన తినే అన్నమే అది. మేస్త్రీకి చెవి పోయిందని ఊళ్ళో పొక్కితే రేపటి నుంచి షెడ్డు ముందు బండి ఆగుతుందా?”

“అంటే, చచ్చేదాకా మన బండ్ల మీద ప్రయోగాలు చేయిస్తామా?” అన్నాను నేను, కాస్త గట్టిగానే.

ఉపాయం మా బావగారిది. పోస్టాఫీసు బుర్ర కదా, ఏదైనా ముందు ఒకచోట ముద్ర వేయించి తర్వాత ఇంకోచోటికి పంపుతాడు. “శనివారం రాజమండ్రిలో షోరూముకి తీసికెళ్ళి చూపించేసుకుందాం. ఆదివారం పొద్దున మామూలుగా ఈయన దగ్గర చెవి పెట్టిద్దాం. బండి ఎటూ బాగుంటుంది. ఈయన వెళ్ళొచ్చంటాడు, మనం వెళ్తాం. ఈయన మాట తప్పూ కాదు, మన ప్రాణానికి భయమూ లేదు. ఏవంటావోయ్?”

బాగుందన్నాను. నిజంగానే బాగుందనుకున్నాను. మొహమాటానికి పోతే ఏమవుతుందో మనవాళ్ళ సామెత ఒకటుంది. బడిపంతుల్ని గనక దాన్ని పూర్తిగా చెప్పను. ఆ రోజు ముగ్గురికీ గుర్తు రాలేదు.

ఏడాదికి పైగా అలా నడిపాం. శనివారం మధ్యాహ్నం కొవ్వూరు మీదుగా వంతెన దాటి రాజమండ్రి వెళ్ళేవాళ్ళం. షోరూములో బండి ఇచ్చి, “చూడండి, చేయండి, కడగడం మాత్రం వద్దు” అని చెప్పేవాళ్ళం. కడగొద్దని బతిమాలే కస్టమర్లని వాళ్ళు అంతకుముందు చూసి ఉండరు. ఒకసారి మాట వినకుండా కడిగి మెరిసేట్టు తుడిచి ఇచ్చారు. మా బావగారు దారిలో ఆగి, కాలవ గట్టు మట్టి గుప్పెడు తీసి చక్రాలకీ మడ్‌గార్డులకీ శ్రద్ధగా పూశాడు. యాభై అయిదేళ్ళ మనిషి, సొంత బండికి బురద రాస్తుంటే నేను పక్కన నిలబడి ఎవరైనా వస్తున్నారేమోనని చూశాను. అప్పుడు ఇద్దరం నవ్వుకున్నాం కూడా.

ఆదివారం ఆయన చెవి పెట్టేవాడు. ఒక తేడా వచ్చింది. పూర్వం కళ్ళు మూసుకొని వినేవాడు, ఇప్పుడు కళ్ళు తెరిచి మా మొహాల్లోకి చూసేవాడు. మేము నిశ్చింతగా ఉంటే “వెళ్ళొచ్చండి” అనేవాడు. పరీక్షలో పక్కవాడి కాగితం చూసి రాసే పిల్లవాణ్ణి నేను ఎన్నిసార్లు పట్టుకున్నానో. ఇక్కడ మాత్రం నేనే కాగితం తిప్పి చూపించాను.

ఇంకొకటి కూడా చేశాం. మా వరసలో చివరి బండి ఎప్పుడూ ఆయనదే. పానాలూ పంక్చరు సామానూ ఆయన దగ్గర ఉంటాయి. ఎవరి బండి మొరాయించినా వెనకనుంచి వచ్చి ఆగేది ఆయనే. పైగా చివర ఉండి ముందు మూడు బండ్ల చప్పుడూ వింటూ వచ్చేవాడు. చెవి సంగతి తెలిశాక, వెనకనుంచి లారీ హారన్ కొడితే ఈయనకి వినపడదేమోనని మాకు భయం పట్టుకుంది. ఆ మాట చెప్పలేక, “పెద్దవారు, మీరు మధ్యలో ఉండండి, దుమ్మంతా మీకెందుకు” అని ఆయన్ని మూడో బండిగా చేసి, వెనక నేను నిలబడ్డాను. ఆయన నాకేసి ఒక్క క్షణం చూసి, “అలాగేనండి” అన్నాడు. ఎందుకని అడగలేదు. అడక్కపోవడమే జవాబని నాకు అప్పుడైనా తెలియవలసింది.

మా మూడు బండ్లూ శనివారం రాజమండ్రి వెళ్ళొచ్చేవి. నాలుగో బండి సంగతి ఏడాదిలో మా ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు. మేస్త్రీ బండి మేస్త్రీ చూసుకుంటాడు కదా అనుకున్నాం. దాన్నీ ఆయన ఆ చెవితోనే వింటున్నాడని, మేము దొంగచాటుగా ఒడ్డున పడి ఆయన్నొక్కణ్ణే నీళ్ళలో వదిలేశామని, ఇంత లెక్కలు తెలిసిన వాళ్ళకి తెలియలేదు.

పోయిన ఫాల్గుణంలో, ఎండలు ముదరకముందే సముద్రం చూసొద్దామని బయల్దేరాం. నరసాపురం రేవులో బండ్లతో సహా పంటు ఎక్కి, అవతల సఖినేటిపల్లిలో దిగి, సముద్రం దాకా వెళ్ళి ఇసుకలో టెంటు వేసుకొని చేపల పులుసు వండుకోవాలని ఏర్పాటు. చేపలు వ్యాపారి తెస్తానన్నాడు. మేస్త్రీ తన బండికి వెనక టెంట్లు కట్టుకున్నాడు, పక్క పెట్టెల్లో పానాలు.

మార్టేరు దాటాక మొదటిసారి విన్నాను. బరబరమని, దూరంగా మిల్లు ఆడుతున్నట్టు. ఆ దారిలో రైసు మిల్లులు ఎక్కువే, అదే అనుకున్నాను. మిల్లు వెనకబడింది, చప్పుడు వెనకబడలేదు. నేను వేగం తగ్గించాను, చప్పుడు ముందుకు వెళ్ళిపోయింది. మళ్ళీ దగ్గరికి వెళ్ళాను, మళ్ళీ వినపడింది. మేస్త్రీ వెనక చక్రం. ఆయన తాపీగా, నిటారుగా కూర్చొని, చెట్ల నీడల్లోంచి వెళుతున్నాడు. ఆ చప్పుడు తన కింద నుంచే వస్తోందని ఆయనకి తెలియదు.

హారన్ కొట్టాను. వినలేదు. ముందుకెళ్ళి ఆపుదామనుకున్నాను. ఆపితే ఏం చెప్పాలి? మీ చక్రం మోగుతోందంటే, మీకు వినపడటంలేదని చెప్పడమే. ఏడాదిగా ముగ్గురం కలిసి కట్టిన గోడని రోడ్డు మీద నేనొక్కణ్ణి పడగొట్టాలి. పాలకొల్లులో టీకి ఎలాగూ ఆగుతాం, అక్కడ చూద్దాం అనుకున్నాను. ఊరు దగ్గర పడేసరికి బరబర మధ్యలో టక్కు టక్కుమని ఇంకో చప్పుడు కలిసింది.

పాలకొల్లులో ఆగాం. బల్ల మీద నలుగురం కూర్చున్నాం. ఆయన టీ గ్లాసు పట్టుకొని నా మొహంలోకి చూశాడు. ఆదివారాలు చూసే చూపే.

“ఏంటి మాస్టారూ, అదోలా ఉన్నారు?” అన్నాడు.

చెప్పవలసిన మాట నాలిక మీదే ఉంది. మా బావగారు బిస్కెట్టు ముంచుకు తింటున్నాడు, వ్యాపారి ఫోన్లో ఎవరికో గెల ధర చెబుతున్నాడు, టీ కొట్టతను మావైపే చూస్తున్నాడు. ఇంతమందిలో ఎందుకు, గంటలో పంటు ఎక్కుతాం, పంటు మీద పక్కకి పిలిచి మెల్లగా చెబుదాం అనుకున్నాను. మెల్లగా చెబితే ఆయనకి వినపడదన్న సంగతి కూడా ఆ క్షణంలో నాకు తోచలేదు.

“ఏం లేదండీ. ఎండ” అన్నాను.

ఆయన తల ఊపి టీ తాగేశాడు.

పాలకొల్లు దాటి అయిదారు కిలోమీటర్లు వెళ్ళి ఉంటాం. రోడ్డు కాలవ పక్కగా మలుపు తిరిగే చోట ఆయన వెనక చక్రం ఒక్కసారిగా పట్టేసింది. బండి అడ్డంగా జారి వెళ్ళి తూము గోడకి కొట్టుకుంది. నా కళ్ళ ముందే, ముప్ఫై గజాల దూరంలో. నేను వెళ్ళేసరికి ఆయన కుడి కాలు బండి కింద ఉంది. మోకాలు ఉండవలసిన తీరులో లేదు. టెంటు సంచి తెగి కాలవలోకి పోయింది. ముందు వెళుతున్న వాళ్ళిద్దరికీ తెలియడానికి చాలాసేపు పట్టింది. ఎదురుగా వస్తున్న ట్రక్కు ఆటోని ఆపి, ఖాళీ సంచుల మీద పడుకోబెట్టి పాలకొల్లు తీసికెళ్ళాం. దారిలో ఆయన అన్నది ఒకే మాట. “బండి పక్కకి తీయించండి, మలుపు మీద ఉంది, ఎవరైనా గుద్దుకుంటారు.”

ఆపరేషను చేసి రాడ్లు వేశారు. ఆ మోకాలు ఇప్పటికీ సగమే వంగుతుంది. ఆయన మళ్ళీ బండి ఎక్కలేదు.

మూడో రోజు సాయంత్రం, చూడటానికి వచ్చేవాళ్ళ వేళకి నేనొక్కణ్ణే వెళ్ళాను. వార్డులో ఇరవై మంచాలున్నాయి. ఆయన భార్య పక్కన స్టూలు మీద కూర్చొని ఉంది. చేతిలో లేసు లేదు. నేను వస్తే లేచి నిలబడలేదు, కూర్చోమనలేదు. అలాగేనమ్మా నేను చెప్తాను అన్న రోజు ఆమెకి గుర్తుంది, నాకూ గుర్తుంది.

మేస్త్రీ మాత్రం నవ్వాడు. కాసేపు అవీ ఇవీ మాట్లాడాడు. తర్వాత తనే మొదలుపెట్టాడు.

“రాజమండ్రిలో బాగానే చేస్తున్నారండీ పని?”

నేను గభాలున తలెత్తాను.

“వాళ్ళు బిగించిన ప్రతి నట్టు మీదా పసుపు రంగు చుక్క పెడతారండి. మీ ముగ్గురి బండ్లకీ ఉన్నాయి. మట్టి పూస్తే చుక్క పోదు కదండీ. చెవి పోయింది గానీ కళ్ళున్నాయి నాకు.” కోపంగా అనలేదు. కోపంగా అంటే నాకు కొంత బాగుండేది. “మొదటి నెలలోనే చూశాను. అడుగుదామనుకున్నానండి. అడిగితే మీరు నిజం చెప్పాలి. చెప్పాక ఇంక షెడ్డు ఎందుకు, ఆదివారం నేనెందుకు మీకు? అందుకని నేనూ ఊరుకున్నాను. మీ బండ్లు బాగుంటున్నాయి, అది చాల్లే అనుకున్నాను.”

“తప్పయిపోయిందండి” అన్నాను. ఆయనకి వినపడిందో లేదో తెలియలేదు.

“అది వదిలేయండి. ఒకటి అడుగుతాను, మాస్టారూ. చక్రం ఊరికే పట్టెయ్యదు, ముందు మోగుతుంది. మీరు నా వెనకాలే ఉన్నారు. మీకు వినపడలేదాండి?”

“వినపడింది” అన్నాను.

ఆయన తల కాస్త ముందుకు వంచి, ఎడమ చెవి నావైపు తిప్పాడు. “ఏంటండీ?”

“వినపడిందండి.”

“కాస్త గట్టిగా చెప్పండి.”

“వినపడింది!” అని అరిచాను. పక్క మంచం మీద ముసలాయన తల తిప్పి చూశాడు, మందులిస్తున్న నర్సు ఆగిపోయింది. ఆయన భార్య నన్ను చూడలేదు, ఆయన కాలి మీది కట్టు వైపే చూస్తోంది. “మార్టేరు దగ్గర్నించీ వినపడింది! చెప్పలేకపోయాను!”

నేను ఎదురుచూసింది తిట్టు కోసం. ఆయన అడిగింది పని మాట.

“ఎలా ఉందండీ ఆ చప్పుడు?”

చెప్పాను. ఇరవై మంచాల వాళ్ళూ వింటుండగా, అరిచి అరిచి చెప్పాను. ముందు బరబరమని, వేగం పెరిగితే పెరిగి, తగ్గితే తగ్గి, ఆ తర్వాత మధ్యలో టక్కు టక్కుమని.

“ఆ టక్కు టక్కు ఎక్కడ మొదలైంది?”

“పాలకొల్లు ఊళ్ళోకి వచ్చేటప్పుడు!”

“టీకి ముందా, తర్వాతా?”

“ముందే!”

ఆయన దిండు మీద వెనక్కి వాలాడు. భార్య చెయ్యి ఒకసారి తట్టి, మళ్ళీ నావైపు తిరిగాడు.

“బేరింగండి” అన్నాడు. “కొత్తది నా పక్క పెట్టెలోనే ఉంది. టీ కొట్టు దగ్గర చెప్పుంటే అరగంట పని, మాస్టారూ.”